సున్నకు రాని కాంటా

దామరచర్ల రోడ్డు మీద
అరవై టన్నుల వేబ్రిడ్జికి రాత్రి డ్యూటీ నాది.
లారీ ఎక్కుతది, ఇనుప పలక మూలుగుతది,
ఎర్ర అంకెలు కొంచెం తడబడి నిలుస్తయి.
నిండు బరువుల ఖాళీ బండి బరువు తీసేస్తే
మిగిలేది నెట్.
పదకొండేండ్లుగ నాకు తెలిసిన లెక్క ఇదొక్కటే.

బొగ్గు తూచిన. సున్నపురాయి తూచిన.
మిర్యాలగూడ మిల్లుల ఊక తూచిన.
బూడిద ట్యాంకర్లను తూచిన,
ఆ పక్క కాలినదే ఈ పక్క సిమెంటుల కలుస్తది.
పొగను మాత్రం ఎవరూ కాంటా ఎక్కించలే.

ఇప్పుడు దానికి గూడ రేటు కడుతరట.
టన్నుకు ఇంత అని ఢిల్లీల మాట నడుస్తున్నది.
నా రేకుల గదిల, చిన్న టీవీ ముందట,
బిల్లు రాకముందే పంచాయితీ మొదలైంది.

వరదాచారి సారు ఎకనామిక్స్ చెప్పి రిటైరైనోడు,
ఆఖరు బస్సు తప్పితే ఇక్కడనే కూసుంటడు.
"తప్పేంది? బాయిల చెత్తేసినోడే పూడిక తీయాలె గద.
మనం వెయ్యకుంటే, సముద్రం అవతల
ఓడ దిగినకాడ ఆ దేశపోడు వేసుకుంటడు.
పోయే పైస ఎట్లాగూ పోతది, మన గల్లాల పడనీయి."

జానిమియా బీడీ ఆర్పి నవ్విండు.
పన్నెండు చక్రాల బండికి ఇంకా నలభై కిస్తులున్నయి.
"ఫ్యాక్టరోడు తన జేబుల చెయ్యి వెడతడా సారు?
బస్తా మీద ముప్పై ఎక్కిస్తడు.
డీజిల్ మీద పడ్డది నా కిరాయిల కోస్తడు.
అప్పట్ల బొగ్గు మీద సెస్సు వేసిండ్రు గద,
ఆ గల్లా తాళం ఎవరి మొలతాడుకున్నదో చెప్పుండ్రి."

సారు దగ్గర జవాబున్నది. ఎప్పుడూ ఉంటది.
వసూలైనదంతా తలకింత అని పంచాలె,
కారున్నోడు ఎక్కువ కడతడు, కాలినడకోడికి మిగులుతది.
బజ్జీల కాగితం వెనక గీతలు గీసి చూపిచ్చిండు.
నూనె మరకల నడుమ
గీతలు నిజమే అనిపించినయి.

చాయ్ తెచ్చిన కేతావత్ రుక్కీ నిలబడి విన్నది.
"తలకింత అంటే ఖాతాల వేస్తరా?"
"ఖాతాలనే."
"నా వేలు పడదు సారు ఆ మిషన్ల.
బూడిద ఇటుకల కాడ మోసి మోసి గీతలరిగిపోయినయి.
ఉపాధి పైసలకే మూడు నెలల సంది తిరుగుతున్న."
వేళ్ళు చూపిచ్చింది, లైటుకు అడ్డంగ.
టీవీల ఒకాయన అప్పుడే అంటుండు,
ప్రజల మీద భారం పడదని.

గ్లాసులు ఏరుకుంటు ఇంకో మాట గూడ అన్నది:
"పన్నెయ్యొద్దని నేనెందుకంట?
పత్తి మీద బూడిద పడితే
కొనేటోడు రంగు మారిందని కిలోకింత కోస్తడు.
ఆ పన్ను నేను కడుతనే ఉన్న.
రసీదు ఇయ్యలే, అంతే."

జానిమియా లేచి పోయి
బండిని పలక మీదికి ఎక్కిచ్చిండు.
స్లిప్పు చింపి ఇచ్చిన. దానెనక ఏం రాసి లేదు.

టీవీల పదే పదే ఒక మాట: నెట్ జీరో.
నా కాంటా మీద నెట్ జీరో అంటే
ఖాళీగ వచ్చి ఖాళీగ పోయిన బండి,
ఆ దినం డ్రైవరింట్ల పొయ్యి చల్లగ.
వాళ్ళ జీరో వేరే కావొచ్చు. మంచిదే కావొచ్చు.
నాకు సగమే సమజైంది.

తెల్లారగట్ల మూడున్నర.
రోడ్డు మీద బండి లేదు, పలక మీద ఎవరూ లేరు.
అంకెలు మాత్రం నలభై కిలోల కాడ ఆగినయి.
రోజూ ఇంతే. రాలిన బూడిద, బొగ్గుపొడి, సిమెంటు.
ఏ లారీదని అడిగితే ఏ లారీదీ కాదు.
ఊడ్చి సున్నకు తేకుంటే
పొద్దున వచ్చే మొదటి బండి మీద పడుతది ఆ బరువు.

పొరక తీస్కొని దిగిన.
నలభై, ముప్పై, ఇరవై...
పదికాడ ఉండంగ
పొగగొట్టాల దిక్కు నుంచి గాలి మళ్ళింది.