బార్లీ గింజంత తరుగు

అక్టోబరు చివర.
స్కాట్లండ్ కొండవాగు డికాషన్ రంగులో దిగుతోంది.
ఏటి కాపలా నా ఉద్యోగం.
జేబులో నోటీసు,
నాలుక మీద సిద్ధంగా నాలుగు కటువు మాటలు.

మర్డో మళ్ళీ అక్కడే ఉన్నాడు.
రిటైరైన పోస్ట్‌మాన్. తొమ్మిదేళ్ళుగా
ఈ ఇసుకనే జల్లిస్తున్నాడు,
మనవరాలు ఐలీ పెళ్ళి ఉంగరానికి.
సీసాలో ఎంత చేరిందంటే వేలిగోరు చూపిస్తాడు.
సగం గోరు.

ఇవాళ పళ్ళెం బోర్లించి
దాని మీదే కూర్చున్నాడు.
పలకరించబోతే "ష్" అన్నాడు.

మూడడుగుల అవతల, చీలమండ లోతు నీళ్ళలో
ఒక సాల్మన్ పక్కకి ఒరిగి
తోకతో గులకరాళ్ళు తవ్వుతోంది.
తోక అంచు అరిగి చీపురైంది.
సముద్రం వదిలాక మెతుకు ముట్టని ఒళ్ళు.
తవ్వుతుంది, ఆగుతుంది,
గుంటలో పొట్ట ఆనించి లోతు చూసుకుంటుంది,
చాలదనుకుని
మళ్ళీ తవ్వుతుంది.

"నాకంటే నయం," అన్నాడు మర్డో,
"పార కూడా లేదు."

పొద్దున తను తీసిన గొయ్యి చూపించాడు.
బురద రేగి కిందికి పోకుండా
ఒక్కో రాయీ చేత్తో పేర్చి పూడ్చాడట.
వేళ్ళు ఇంకా నీలంగానే ఉన్నాయి.

"ఉంగరానికి ఇంకెంత తక్కువ?"
"బార్లీ గింజంత.
ఐలీ వేలు సన్నమేలే."

నోటీసు జేబులోనే చెమ్మగిల్లింది.
నేనూ ఒక రాయి చూసుకుని కూర్చున్నాను.
ఫ్లాస్కులో టీ ఉంది.
మూత తిప్పితే చప్పుడవుతుందని
ఇద్దరం తాగలేదు.