పాత పేరు మీదే

ఆర్సీలో నా పేరు లేదు.
బెవర అసిరినాయుడు, తండ్రి రామునాయుడు, మెంటాడ.
ఇరవై రెండు వేలిచ్చి బ్రోకరు దగ్గర కొన్నాను
పదమూడేళ్ళ బండిని,
ఆయన పేరుతో సహా.

ట్యాంకు మీద పెట్రోలు కారి కారి
నల్లరంగు రెండు నాలుకలుగా ఊడింది.
స్పీడోమీటరు ముల్లు నలభై దగ్గర చచ్చి పడుంది.
స్టాండు వేసి ఉన్నా నలభై,
చంపావతి వంతెన దిగుతున్నా నలభై.
శారీ గార్డు ఒక్కచోట లోపలికి నొక్కుకుపోయింది,
ఎవరిదో మడమ చాన్నాళ్ళు అక్కడే ఆనినట్టు.

పొద్దున్న ఆరింటికి గజపతినగరంలో
నా భుజాన నీలం ఐసు పెట్టె.
అందులో పరగడుపు రక్తాలు,
ఒక ముసలమ్మ చక్కెర,
మూడో నెల కడుపుతో ఉన్న పిల్ల హిమోగ్లోబిను,
ఎందుకు తీశారో తెలీక చెయ్యి చాపిన ఓ ముసలాయన.
ఎనిమిదిన్నరకల్లా విజయనగరం ల్యాబులో ఉండాలి.

చోకు లాగి
ఒకటి, రెండు, మూడు...
నేను కిక్కు కొడుతుంటే
టీ కొట్టు మొత్తం లోపల్లోపల లెక్కపెడుతుంది.
ఏడోదానికి ఎవడో ఒకడు లేస్తాడు,
"నాను కొట్టేత్తానమ్మా."
"కూకో బాబూ, టీ సల్లారిపోద్ది."
ఎనిమిదోదానికి అది దగ్గి, నల్లగా ఊసి,
లేస్తుంది.

బొండపల్లి దాటాక గవరయ్య షెడ్డు.
షెడ్డంటే నాలుగు సరుగుడు కర్రలు, పైన ఒక ఫ్లెక్సీ.
ఫ్లెక్సీలో ఓడిపోయిన అభ్యర్థి
ఇంకా దణ్ణం పెడుతూనే ఉంటాడు, కింద మా అందరికీ.
గవరయ్య బండిని చూడడు, వింటాడు.
స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి చెవికి ఆన్చి
కళ్ళు మూసుకుంటాడు.
"ట్యాపెట్లు కావు తల్లీ, టైమింగు చైను.
ఇంకో రెండు నెల్లు అరవనీ, ఏటీ అవదు."
చేతిలో డబ్బుల్లేని రోజున
ఇంతకన్నా మంచి మాట చెప్పిన డాక్టర్ని
నా ఉద్యోగంలో చూళ్ళేదు.

శ్రావణంలో ఓ రాత్రి, వానలో, తెలీని నంబరు.
"అసిరినాయుణ్ణమ్మా. మెంటాడ. ఆ బండి నాది.
నాదంటే... నాది కాదులే."
కోట జంక్షన్లో హెల్మెట్ లేకుండా నేను పోతుంటే
కెమెరా తీసిన ఫోటో ఆయన ఫోనుకి వెళ్ళిందట,
చలానాతో.
బ్రోకర్ని పట్టుకుని నా నంబరు సంపాదించాడట.
కట్టేస్తానండీ, ఈ నెల్లోనే పేరు మార్పించేస్తానండీ,
పనుల్లో పడి మర్చిపోయానండీ,
నా గబగబ అయ్యేదాకా ఆగాడు.

"అది కాదమ్మా. ఎడం అద్దం ఏదీ?"

విరిగిపోయిందన్నాను.
గేదె, అన్నాను. తప్పు నాదే, అన్నాను.
"సీటు కవరు మార్చినావు. బావుంది.
మా ఇంటిది ఫోటో సూసి, ఎవర్తయ్యా అది నీ బండి మీద
అని ఒకటే నవ్వు.
నడుం పడిపోనాక అది బండెక్కనేదు.
అంచేత ఇచ్చేసినాను."
కాసేపు వాన ఆయన వైపూ, నా వైపూ.
"రిజర్వు పని సెయ్యదు, తెలుసా నీకు?
పెట్రోలైపోతే ఎడం పక్కకి పడుకోబెట్టి లేపు.
నాలుగు కిలోమీటర్లు వొస్తాది."

భాద్రపదంలో ఒకసారి పడుకోబెట్టాను,
నడిరోడ్డు మీద, రక్తాల పెట్టె గట్టున దించి.
ఆరు వచ్చింది.

చలానా కట్టేశాను.
పేరు మార్పు కాగితాలు మాత్రం మూడు నెలలుగా
ఐసు పెట్టె జేబులో చెమ్మగిల్లుతున్నాయి.
సంతకానికి మెంటాడ వెళ్ళాలి.
వెళ్తే ఆవిడ పాదాల కేసి చూస్తానేమో అని భయం.

నిన్న కొత్త అద్దం బిగించాడు గవరయ్య, నూట ఇరవై.
కోట జంక్షన్లో కావాలనే నెమ్మదించాను.
నెత్తిన హెల్మెట్ ఉంది,
కాబట్టి ఈ ఫోటో ఎవరి ఫోనుకీ పోదు.
అద్దంలో వెనక లారీ
హారన్ కొడుతూ
పెద్దదవుతోంది.