ఓడ అయిదింటికి కదులుతుంది

రోసో రేవులో ఆగిందంటే ఓడ మా ఊరికంటే ఎత్తు.
అది వచ్చిన రోజు నాలుగున్నరకే
పోస్టాఫీసు మెట్లమీద పొద్దు గుంకుతుంది.
గురువారాలు సూర్యుణ్ణి అద్దెకిచ్చాం అనుకోండి.

నా వ్యాన్ నుదుటిమీద రాయించాను: తొందరేం లేదు.
లోపల పద్నాలుగు సీట్లు, పద్నాలుగు గడియారాలు.
ఆరు గంటల్లో దీవంతా చూపించాలట.
నాకు యాభై రెండేళ్ళు పట్టింది, ఇంకా అవలేదు.

"మాకు మూడువందల అరవై అయిదు నదులు,
రోజుకొకటి" అంటాను మొదటి వంపులో.
"మరి లీపు సంవత్సరమో?"
ప్రతి వారం ఎవరో ఒకరు అడుగుతారు,
లోకంలో తామే మొదట అడిగినట్టు.
"ఆ రోజు వానలో తడుస్తాం."
నవ్వుతారు. రెండో గేరు. ఎక్కుడు.

జలపాతాలు జంట. పొడుగుది తండ్రి, పొట్టిది తల్లి.
తండ్రి కాళ్ళదగ్గర నీళ్ళు వేడి,
గంధకం వాసనకి ముక్కులు మూసుకుంటారు,
ఫోటోకి మాత్రం తెరుస్తారు.

టిటూ ఇరుకులో నీళ్ళు కొరుకుతాయి.
రెండు కొండలు తలలు ఆనించుకుంటే
మధ్యన మిగిలిన ఆకాశం చారెడు.
తాడు పట్టుకుని కెర్విల్ ముందు దూకుతాడు,
వెనకాల పళ్ళ డాక్టరు, బ్యాంకు మేనేజరు,
మొన్ననే పెళ్ళయిన జంట.
కేక వింటే చాలు, ఏ దేశమో చెప్పగలను.
నాకు ఈత రాదు.
ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తూర్పు తీరంలో కలినాగోల ఊరు.
ఒర్లీన్ పెనంమీద కర్రపెండలం రొట్టె తిప్పుతుంది.
వాళ్ళ అవ్వల అవ్వ ఎవరో నిలబడి
సముద్రంమీద మొదటి తెరచాపని చూసిన చోట
ఇప్పుడు పార్కింగు.

"చెట్లకి తలలెందుకు లేవు?" అన్నాడొక పిల్లవాడు.
"గాలి" అన్నాను.
గాలిమీద నా దగ్గర జోకు లేదు.

ఇవాళ ఒకావిడ వ్యాన్ దిగలేదు. మోకాలు.
పేరు టోర్‌హిల్డ్, నార్వే.
అందరూ పచ్చకొలనుకి నడిచి వెళ్ళాక
"నీకిష్టమైన చోటు చూపించు" అంది.
ఇరవై నిమిషాలున్నాయి.

ఆ మలుపులో ఆపాను.
బోర్డు లేదు, రెయిలింగు లేదు.
ఎదురుగా కొండ, కొండనిండా ఆకులు.
"ఏం చూడాలి?"

చెప్పాను. నా ఇల్లు ఈ మలుపు కిందే ఉండేది.
ఆ రాత్రి కప్పు లేచిపోతే
ఏడుగురం స్నానాలగదిలో,
తలుపుకి పరుపు అడ్డం, పరుపుకి మేం అడ్డం.
తెల్లారి చూస్తే దీవిమీద ఒక్క ఆకు లేదు.
కొండలు గొరిగిన తలలు.
అప్పుడు కనపడింది ఎదుట ఒక ఇల్లు,
నేను పుట్టకముందునుంచీ అక్కడే ఉందేమో,
నాకు తెలీదు.
ముంగిట్లో ఒకావిడ. ఎర్ర బకెట్టు.
చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను.

కరెంటు లేదు, రోడ్డు లేదు, ఫోను లేదు.
పొద్దున్నే ఆ చెయ్యి ఒక్కటే మాకు పేపరు:
ఉన్నాను, నువ్వు?
ఉన్నాను.

తర్వాత చిగుళ్ళొచ్చాయి. ఊరంతా సంబరం.
నేనూ చప్పట్లు కొట్టాను.
ఒక వారం కిటికీ పోయింది,
ఇంకో వారం బకెట్టు,
ఒక పొద్దున చెయ్యి ఆకో చెయ్యో తేలలేదు.

"వెళ్ళి వెతకలేదా?"
"వెతికాను. అటువైపు నాలుగు ఇళ్ళున్నాయి,
నాలుగిళ్ళలోనూ ఎర్ర బకెట్లే.
సహాయం ఓడలో వచ్చినవి, మాకూ ఒకటి ఇచ్చారు."

ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.
ఫోటో తియ్యలేదు.
"బాగా పచ్చగా ఉంది" అంది.
"అవును" అన్నాను.
బయలుదేరుతూ హారన్ కొట్టాను, పొడుగ్గా.
ఎప్పుడూ కొడతాను.
మలుపు కదా, ఎవరూ తప్పుపట్టరు.

అయిదింటికి ఓడ కదిలింది.
పోస్టాఫీసు మెట్లమీదికి మిగిలిన ఎండ
చిల్లరలా తిరిగొచ్చింది.
వ్యాన్ ఊడుస్తుంటే సీటుకింద
ఒక తడి చెప్పు, ఎడమది.