డబ్బింగ్

కాశీబుగ్గలో ఆదివారం రాత్రి.
జీడిపిక్కల నల్లజిడ్డు వదలని వేళ్ళతో
ఛానళ్ళు మారుస్తున్నాను.
ఒక అంతరిక్ష నౌక. గాలి అయిపోతోంది.
కెప్టెనమ్మ మరమనిషి పక్కన కూలబడి
కథ మొదలెట్టింది:
"ఒక ఎండ్రకాయ, చందమామే సముద్రమనుకుని
తాటిచెట్టు ఎక్కిందంట..."

ఓలమ్మో!
ఇది మా లైబ్రరీ పుస్తకం.
అట్ట మీద పనసతొన మరక,
పద్దెనిమిదో పేజీ తర్వాత ఏటీ నేదు.
నాకు తొమ్మిదేళ్ళప్పటి నుంచీ
ఆ ఎండ్రకాయ చెట్టు మీదే ఉండిపోయింది.

ఆవిడ పెదవులు చూశాను.
అవి ఏ దేశపు పిల్లల కథో చెప్తున్నాయి,
మాట ఆగాక కూడా కదులుతున్నాయి.
ఎవరో ఆ కథని మెల్లగా దించేసి
మన ఎండ్రకాయని నౌక ఎక్కించేశారు.

"దిగడం రాక, గుల్ల అక్కడే వదిలేసి,
మెత్తటి ఒంటితో వాననీటిలో జారి
ఇంటికొచ్చేసింది."
మరమనిషి కన్ను ఒకటి వెలిగింది.

ఇంతేనా?
ఇంత చిన్నదా చివర?

పేర్లు పరుగెడుతుంటే తెర దగ్గరికెళ్ళి నిలబడ్డాను.
తెలుగు మాటలు: మజ్జి ఢిల్లేశు.

నాలుగో తరగతి. కిటికీ పక్క బెంచీ.
చొక్కా జేబులో ఎప్పుడూ ఏదో మడిచిన కాగితం.

ఓరి గుంటడా,
నువ్వేట్రా చింపినోడివి!