చెల్లె చెయ్యి

మంగళారం, శుక్రారం నా మగ్గం బందు.
కొత్తవాడల పంజా చప్పుళ్లు మొదలయ్యే యాల్లకు
మేం ఇద్దరం బస్సుల ఉంటం.

శ్రీనిజకు తొమ్మిదేండ్లు.
కుడిచేతిని అక్క అంటది, ఎడమదాన్ని చెల్లె.
అక్క అన్నం తింటది, లెక్కలు చేస్తది,
కోపమొస్తే నన్ను కొడ్తది.
చెల్లె మాత్రం ఛాతికి ఆనుకొని
బొటనవేలు లోపలికి మడుసుకొని
పుట్టినకాన్నుంచి గట్లనే పన్నది.
ఏం దాసినవే పిడికిట్ల, అంటే
'చెప్పద్దు' అంటది.

ఏడో నెలల పుట్టింది.
మెదడుకు గాలి చాలలేదని రాసిచ్చిన కాయితం
బియ్యం డబ్బా కింద ఉన్నది.
స్వరూప దాన్ని తియ్యనియ్యది, చింపనియ్యది.

నయీంనగర్ల రెండో అంతస్తు. లిఫ్టు లేదు.
'మెట్లు గూడ కసరత్తే' అంటది నస్రీన్ మేడం.
ముందుగాల అక్కకు సాక్సు తొడుగుతది.
'నువ్వు గమ్మునుండు, ఇయ్యాల చెల్లె ఆట.'
పిల్ల తలకు నల్లటి డబ్బా, కండ్లు మొత్తం మూసేటట్టు.
మణికట్టుకు పట్టీ.

నాకు కనవడేది
గోడదిక్కు తిరిగి కూసున్న నా బిడ్డ,
సన్నగ వణికే మోచెయ్యి.
పక్కన టీవీ తెరమీద
నీలం నీళ్లల్ల ఒక చెయ్యి
ఐదు వేళ్లు సాపుకొని
చాపలెంబడి వడ్తది.

'బయట నాలుగంగుళాలు కదిలితే
లోపట గజం చూపిస్తది' అన్నది మేడం.
నేను గజాల లెక్కన కూలి తీసుకునేటోణ్ణి.
నాలుగంగుళాలు నేసి గజమన్ననంటే
సేటు మళ్ల నూలియ్యడు.
మోసం గాదా మేడం, అన్న.

ఆమె పట్టీ సదురుకుంటనే అన్నది:
'నడక నేర్పేటప్పుడు ఎదురుంగ కూసొని
రా బిడ్డా రా అనుకుంట
మీరు ఎనకకు జరగలేదా?
అది మోసమైతే ఇదీ మోసమే.
నెలకింత ఆ గజాన్ని తక్కువ చేస్తం.
ఆమెకు చెప్పకండి.'

ఒకపారి డబ్బా నాకు పెట్టిన్రు.
ఇరవై రెండేండ్లు జంపఖానాలు నేసిన చెయ్యి,
పంజాతోని కొట్టి కొట్టి పట్టేసిన భుజం.
నాకు ఏడు చాపలే దొరికినయి.
'నాయిన ఓడిండు!'
మెట్లు దిగేదాక ఎదురొచ్చినోళ్లందరికి చెప్పింది.

ఆట అయిపోయినంక
చెమటకు అంటుకున్న ఎంట్రుకలు తీసుకుంట అడిగింది:
'అండ్ల చెల్లె మంచిగనే ఉంటది నాయినా.
బయటికొస్తె ఎందుకు సిగ్గువడ్తది?'
నా కాడ జవాబు లేదు.
నీళ్ల సీసా మూత తీసి ఇచ్చిన.
అక్కనే అందుకున్నది.

మొన్న శుక్రారం బస్సు కిటకిట.
హన్మకొండ చౌరస్త కాడ
కండక్టరమ్మ ఆధార్ చూసి
నాకు పైసల టికెటు కొట్టింది, పిల్లకు జీరో టికెటు.
అక్క రాడ్డు వట్టుకొని ఉన్నది,
ఇడిస్తె పడ్తది.
నేను అందుకుందామని చెయ్యి సాపి
ఎందుకో ఆగిన.

ములుగు రోడ్డు పొడుగునా
చెల్లె ఛాతి మీదికెళ్లి లేసుడు చూసిన.
మోచెయ్యి కొంచెం.
బొటనవేలు బయటికొచ్చి మళ్ల లోపలికి.
ఎనుకకెళ్లి ఎవలో 'అమ్మా, ఎంజీఎం ఒకటి' అంటున్నరు.
వేలు కాయితానికి తాకింది,
కాయితం జారి చెప్పుల నడుమ వడ్డది.
ఇక్కడ చాపలు లేవు. గంట మోగది.

కండక్టరమ్మ ఒంగి తీసింది,
దులిపింది.
మిషను సంగతి ఆమెకేం తెల్సు?
మళ్ల సాపింది,
నాలుగంగుళాలు దగ్గరికి.

మా స్టేజి ఎప్పుడు దాటిందో ఎవ్వలం చూడలే.
మండే ఎండల ఎనుకకు నడుసుకుంట వచ్చినం.
చెల్లె పిడికిలి గట్టిగ మూసే ఉన్నది,
వేళ్ల సందుకెళ్లి తెల్లగ ఓ అంచు.
ఏం దాసినవే అని
ఈసారి నేను అడుగలే.