రెండెండలు

ఇసకపల్లి ఉప్పుకయ్యల్లో
మా నాయన మడిమడికీ వంగి
చూపుడువేలు ముంచి నాలిక్కి తాకించుకునేవాడు.
కాసేపు ఏమీ మాట్లాడడు.
ఉమ్మేసి, అప్పుడు,
"ఇంకా రెండెండలు పడాలబ్బయ్యా" అనేవాడు.
సాల్టాఫీసు నుంచి వచ్చినాయన
గాజుబుడ్డి తేల్చి గీతలు లెక్కపెట్టి
అదే మాట ఇంగ్లీషులో రాసుకుని పోయేవాడు.

నాకొచ్చిన విద్య అంతకంటే పెద్దదేం కాదు.

కొత్త విమానం.
గీసినవాళ్లుంటారు, బిగించినవాళ్లుంటారు,
టైరు కింద నిమ్మకాయ పెట్టినవాళ్లూ ఉంటారు.
వేలు ముంచేవాడు ఒకడే.
పైకి తీసుకెళ్లి, కావాలనే, వేగం చంపేస్తాను.
రెక్క మీద గాలి ఊడిపోతుంది
మడిలో అడుసు కాలికింద జారినట్టు.
ముక్కు వాల్చి గిరగిరా తిరుగుతుంది
ఒక చుట్టు, రెండు, మూడు.
భయపడ్డానికి తీరికుండదు.
తొడకి కట్టుకున్న కాయితం మీద
పెన్సిలుతో రాయాలి:
కర్ర ఎంత బరువుగా ఉంది,
ఎడం పెడలు ఎన్నో చుట్టుకి మాట విన్నది.
చేతిరాత వంకరపోతే మెస్సులో నవ్వుతారు.

అక్కడ నన్ను మాల్ అనేవాళ్లు.
మాలకొండ మొక్కుకి పెట్టిన మాల్యాద్రి
హెల్మెట్ మీద మూడు ఇంగ్లీషక్షరాలయ్యాడు.

ఇరవైరెండేళ్లు. పదకొండు రకాలు.
మెడలొకటి బీరువాలో, కలరా ఉండల పక్కన.

ఒక ఇంజను గురించి చెప్పాలి.
దాంతో నలభై ఒక్కసార్లు ఎక్కాను.
ముప్పై ఎనిమిదోసారి
మడమకి ఏదో అందింది,
అన్నంలో ఇసక పంటికి తగిలినట్టు, అంతే.
మీటర్లన్నీ బాగుందన్నాయి.
ఢిల్లీ నుంచి తేదీ తరుముతోంది.
రెండెండలు అని రాయడానికి
ఫారంలో గడి లేదు.
సంతకం పెట్టాను.

నలభై రెండోసారి సైకియా ఎక్కాడు.

విచారణలో ఎవరికీ అందని లోపమని తేల్చారు.
నాకు అందిందన్నాను.
ఎక్కడ అని అడిగారు.
మడమకి అన్నాను.
టైపిస్టు చేతులు ఆగాయి.
రికార్డులోకి ఎక్కలేదు.

ఆ తర్వాత నచ్చని ప్రతి విమానం రిపోర్టు చివరా
ఇంకో రెండెండలు కావాలని ఇంగ్లీషులో రాసేవాణ్ణి.
నాయర్ తప్పనుకుని కొట్టేసేవాడు.
మళ్లీ రాసేవాణ్ణి.

ఇవ్వాళ మా కయ్యల్ని ఓబులమ్మ చేస్తోంది.
తూరుపున మబ్బు, బొగ్గు రంగులో.
ఇప్పుడే లాగితే సగం ఉప్పు,
ఆగితే మొత్తం, లేదా మొత్తం నీళ్లు.
"పైన తిరిగినోడివి గదా సారూ, ఏందంటావు?"

చెప్పులు విడిచి దిగాను.
వేలు ముంచి నాలిక్కి తాకించుకున్నాను.
మడమకింద తడిమట్టి ఊరికే ఉంది.

"ఒక్కెండ" అన్నాను.

ఓబులమ్మ విన్నట్టే తలూపి
కొంగు బొడ్లో దోపుకుని
తన వేలు తను ముంచింది.