సున్నా టికెట్టు

మంగళవారం మా కొట్టుకి సెలవు.
మిషన్ మీద గుడ్డ కప్పేసి
పొద్దున్నే నెల్లూరు బస్టాండులో నిలబడ్డా,
సంచిలో చద్ది డబ్బా, రవికలో ఆధార్ కార్డు.
"యాడికిమ్మా?"
నీళ్ళు కనబడేదాకా అందామనుకున్నా.
"సూళ్ళూరుపేట" అన్నా.
దస్తగిరమ్మా అని కార్డు మీద పేరు పెద్దగా చదివి
కండక్టరు చీటీ చించిచ్చాడు.
దాని మీద సున్నా.
యాభై రెండేళ్ళలో ఎన్నో సున్నాలు చూశా గానీ
ఇంత దూరం తీసుకుపోయిన సున్నా ఇదే.

గూడూరులో వేరుశనక్కాయలు. నాయుడుపేటలో ఎండ.
దొరవారిసత్రం కాడ డ్రైవరు చెయ్యి బయటపెట్టి,
"అటు పోతే నేలపట్టు, గూడబాతులు. మా అత్తోళ్ళూరు.
అవి రాని ఏడు వానలు రావంటారు ఆడ" అన్నాడు.
దిగబుద్ధయింది. దిగితే పన్నెండున్నర బస్సు పోతాది.
కారున్నోళ్ళు దారి చూసుకుంటారు,
మేం గడియారం చూసుకుంటాం.

సూళ్ళూరుపేటలో బోర్డుల మీద జిల్లా మారింది.
టీ కొట్టాయన నోట్లో మాత్రం ఇంకా నెల్లూరే.
షార్ గేటు బస్సులో క్యాంటీను గిన్నెలు తోమే ఆడోళ్ళు,
కాళ్ళు కట్టిన కోడిపుంజు ఒకటి,
ఖాళీ చేపల తట్టతో ఒక మనిషి.
కిటికీ సీటు మీదికి బయట నుంచే సంచి విసిరి పట్టుకున్నా.

ఊరయిపోయింది. తుమ్మ చెట్లయిపోయాయి.
ఉన్నట్టుండి రెండు పక్కలా నేల లేదు.
గంజి పెట్టి ఆరేసిన తెల్ల వాయిలు చీర
అటొకటి, ఇటొకటి,
రెంటినీ కలిపి కుట్టినట్టు మధ్యలో రోడ్డు.
ముప్పై ఏళ్ళుగా కుడుతుండా,
ఇంత నిటారు కుట్టు నా చేతికి రాలేదు.

దూరంగా ఎర్ర జీర ఒకటి కదిలింది.
లేచి నిలబడ్డా. బస్సు ఆగలేదు.
రోడ్డు వారగా తెల్ల కారు ఆపుకొని
పక్షులకి వీపు పెట్టి, ఫోనులో
తమని తాము చూసుకుంటున్నారు ఎవరో.
హారన్ కొట్టుకుంటా దాటేశాం.

తట్ట మనిషి నవ్వింది.
"ఎర్రకొంగల కోసరం వచ్చినావా మే?
నాతో దిగు."
ఆటకానితిప్ప దాటినాక
బస్సు రేకు మీద అరిచేత్తో రెండు దెబ్బలు వేసింది.
స్టాపు లేని చోట బస్సాగింది.
పేరు చెంగమ్మంట.

పిక్కల దాకా బురద. ఉప్పు, నాచు కుళ్ళిన కంపు.
"గట్టిగా మాట్లాడబాక. తిండి కాడుండాయి."
చెప్పులు చేతబట్టుకొని చూశా.
వందల్లో ఉన్నాయి.
ఒక్కటీ తలెత్తదు.
మెడలు వంచి, నీళ్ళలోకి మూతులు పెట్టి
పని, పని, పని.
పండగ ముందర మా కొట్టులాగే ఉంది.
పేపర్లో చూసిన రంగు కాదు,
తెల్లగానే ఉన్నాయి, కాస్త మాసినట్టు కూడా.

"కారోళ్ళయితే మా పిల్లోళ్ళకి ఇరవై ఇచ్చి
చప్పట్లు కొట్టి లేపమంటారు. లేపమంటావా?"
వద్దన్నా.
పని మీదున్నోళ్ళని లేపితే ఎట్టుంటుందో నాకు తెలుసు.

చాలాసేపటికి ఒకటి, కాలు తిమ్మిరెక్కిందేమో,
ఒక్క రెక్క మాత్రం సాచింది.
ఓయమ్మో.
ఎరుపంతా లోపలుంది.
లైనింగు.

అయిదుంబావు బస్సు ఆరు దాటినా రాలేదు.
చెంగమ్మ రెండు పీతలు తాటాకుతో కట్టిచ్చింది,
డబ్బులడిగితే తట్టతో కొట్టేట్టు చూసింది.
గూడూరు కాడ ఒకటి కట్టు తెంచుకొని
సీటు కింద నడిచింది,
బస్సు బస్సంతా కాళ్ళు పైకెత్తింది.
కండక్టరు మళ్ళీ కార్డు అడిగాడు, మళ్ళీ సున్నా.

మర్నాడు ఒకావిడ తెల్ల పట్టు రవిక గుడ్డ ఇచ్చిపోయింది.
లైనింగు ఏ రంగని నేనడగలేదు.
ముదురు గులాబీ కత్తిరించి పెట్టా.
తిడతాదేమో, శుక్రవారం వస్తాది.